వంటింట్లో మాట్లాడే పెద్దావిడ

"అమ్మకి అన్నం పెట్టావా?"

పొలం నుంచి వచ్చి నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ మా ఆయన అడిగే మొదటి మాట అది. అమ్మ అంటే ఆయన్ని కన్నతల్లి కాదు. ఆవిడ పోయి ఏడేళ్ళయింది. అమ్మ అంటే మా అమ్మాయి, ఆరేళ్ళ పిల్ల. కూతుర్ని అమ్మా అని పిలవడం ఏ ఇంట్లోనైనా ఉన్నదే, ముద్దు. మా ఇంట్లో అది ముద్దు కాదు. పెట్టానండీ అంటే అక్కడితో ఆగరు, ఏమంది అని అడుగుతారు. పప్పులో ఉప్పు చాల్లేదంది అని నేను ఒప్పజెప్పాలి. అప్పుడాయన మొహం విప్పారుతుంది. అమ్మ నాలుక అమ్మదే అని తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికొచ్చి, పీట మీద కూర్చున్న ఆ పిల్లకి ఎదురుగా కింద మఠం వేసుకుని కూర్చుంటారు.

మా అత్తగారు డెబ్భై తొమ్మిది ఫాల్గుణంలో పోయారు. ఆవిడ పోయిన పదకొండో నెలలో నాకు పిల్ల పుట్టింది. పురిటిగదిలో మా ఆడపడుచు కోటమ్మ వదిన బిడ్డని తిరగేసి, ఎడమ చెవి వెనక కందిగింజంత పుట్టుమచ్చ చూసి, "ఒరే యలమందా, అమ్మే వచ్చిందిరా" అని గుమ్మం బయట ఉన్న తమ్ముడికి కేకేసింది. అలాంటి మచ్చే అత్తగారికి ఉండేదట. పదిహేనేళ్ళు ఆవిడ తల దువ్విన నాకు ఉన్నట్టు గుర్తు లేదుగానీ, అప్పుడు నన్నెవరూ అడగలేదు. పిల్లకి ఆవిడ పేరే పెట్టారు. మా వైపు కోడలు అత్తగారి పేరు నోటితో అనకూడదు. ఆ సంగతి పేరు పెట్టినవాళ్ళకి గుర్తు రాలేదో, వచ్చినా అదేమంత పెద్ద సంగతి అనిపించలేదో. కన్నబిడ్డని పేరు పెట్టి పిలుచుకునే రాత నాకు లేకుండా పోయింది. పాపా అంటాను, ఇలా రా అంటాను, ఒక్కోసారి ఏమీ అనకుండా దగ్గరికెళ్ళి భుజం తడతాను.

అత్తగారు నన్ను ఏనాడూ కొట్టలేదు. గొంతు పెంచి అరవను కూడా అరవలేదు. పనస చెక్క పీట వంటింటి గుమ్మం దగ్గర వేసుకుని, వక్కపలుకు బుగ్గన పెట్టుకుని, మెల్లగా, రోకటిపోటులాగా తెరిపి లేకుండా అంటూ ఉండేవారు. నీ చేతి నీళ్ళు కూడా చప్పగా ఉంటాయే. నిలబడి చూస్తావేం, చేతులకి పని చెప్పు. మీ అమ్మ నీకు తినడం ఒక్కటే నేర్పి పంపింది. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పలేదని ఊళ్ళో నాకు మంచిపేరు. రాజ్యంలాంటి కోడలు దొరకాలి అనేవాళ్ళు.

పాపకి నాలుగేళ్ళప్పుడు ఒకరోజు ఆ పీట మీదికెక్కి కూర్చుని మంచినీళ్ళడిగింది. గ్లాసు ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నా వంక చూసి, "నీ చేతి నీళ్ళు కూడా చప్పగా ఉంటాయే" అంది.

అదే సాగదీత. అదే "యే". ఆ పిల్ల ఆవిడని చూడలేదు, ఆవిడ గొంతు వినలేదు. ఆవిడ మాటలు ఇలా ఉండేవని చెప్పినవాళ్ళు కూడా లేరు. ఎందుకంటే అవి నాతో తప్ప ఇంకెవరితోనూ అనేవారు కాదు. మా ఆయనతో మాట్లాడేటప్పుడు ఆవిడది వేరే గొంతు. నేను వెనక్కి జరిగాను. మా ఆయన మాత్రం గుమ్మంలో నిలబడిపోయి ఏడ్చారు. సంతోషంతో. ఆ పీట ఆ రోజు నుంచి పిల్లదయింది. ఏ పొలంలో పత్తి, ఏ పొలంలో మిరప అని దాన్ని అడిగేవారు. అది ఏదో ఒకటి చెప్పేది. ఆయన అదే వేసేవారు.

పిల్ల ఆడుకోవడం మానేసింది. అమ్మ వీధిలోకెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడుతుందా అని ఆయన నవ్వేవారు. వీధిలో పిల్లలు కూడా దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. మిరపకాయల పనికొచ్చే సంతోషకుమారి మొదట్లో పెద్దమ్మగారూ అని దాన్ని ఆట పట్టించేది. తర్వాత ఆట పట్టించడం మానేసి, దాని ముందు నుంచి నడవాల్సి వస్తే మెడలో సిలువ పట్టుకునేది. మాకు చచ్చిపోతే యేసయ్య దగ్గరికేనమ్మా, తిరిగి రావడం లేదు అని నాతో ఒకసారి అంది. నాకు ఆమెని చూస్తే అసూయగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం తల దువ్వుతుంటే పిల్ల అడిగింది. "నన్ను ఎక్కడ కాల్చారు?"

దువ్వెన ఆగిపోయింది. వాగు ఒడ్డున అని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, నోరు దానంతట అది చెప్పింది. అది మళ్ళీ అడిగింది. "కాల్చినప్పుడు నువ్వు ఏడ్చావా?" నేను ఏడవలేదు. వచ్చిన నలభైమందికి వండుతూ ఉన్నాను. నాకు నా కూతురంటే భయం పట్టుకుంది. రాయడానికి సిగ్గుగా ఉందిగానీ నిజం. చన్నిచ్చి పెంచిన పిల్ల వెనక నుంచి వచ్చి కొంగు పట్టుకుంటే ఉలిక్కిపడేదాన్ని. దగ్గరికి తీసుకోబోయి, చెవి వెనక ఆ మచ్చ కనిపించి, చేయి వెనక్కి తీసేసుకునేదాన్ని. జూన్‌లో బళ్ళో వేయాలి కదండీ అని ఆయన్ని అడిగితే, అమ్మకి చదువెందుకు, ఇల్లు చూసుకుంటుంది అన్నారు. నా బిడ్డ బతకడం మొదలుపెట్టక ముందే ముసలిదైపోతోందని నాకు అర్థమైంది. ఏం చేయాలో అర్థం కాలేదు.

ఎనభై ఆరు సంక్రాంతి వెళ్ళాక మా ఊరి దిబ్బ తవ్వడానికి పురావస్తు శాఖవాళ్ళొచ్చారు. పత్తిచేల మధ్య ఆ దిబ్బ ఎప్పటినుంచో ఉంది, పాతకాలం బౌద్ధుల స్తూపమట. కింద ఇటుకలూ చెక్కిన పాలరాళ్ళూ ఉన్నాయని అందరికీ తెలుసు. సగం ఊరు వాటిమీదే బట్టలుతుక్కుంటుంది. వచ్చినవాళ్ళలో గుల్జార్ బేగం అని గుంటూరామె ఒకరు. నలభై దాటినావిడ, పెళ్ళి చేసుకోలేదు, రాళ్ళమీద బొమ్మల్ని దారంతో కొలిచి కాగితం మీద గీయడం ఆమె ఉద్యోగం. మా వీధి గది అద్దెకిచ్చాం. ఆమెకి రెండు పూటలా కాఫీ, మధ్యాహ్నం భోజనం నా పనిలో కలిశాయి. ఇంత పనిలో అదొక పనా అన్నారు మా ఆయన. అయినా ఆమె తిన్న కంచం ఆమే కడుక్కునేది. ఆ ఇంట్లో నేను కడగని కంచం అదొక్కటే.

సాయంత్రాలు అరుగు మీద మా ఆయన ఆమెతో వాదన వేసుకునేవారు. బుద్ధుడూ మావాడేనండీ, విష్ణుమూర్తి అవతారమే, వేరే మతమంటారేంటి అని ఆయన. చాలావరకు ఒకటేనండీ అని ఆమె. మళ్ళీ పుట్టడం రెండింట్లో ఉంది, చేసుకున్నది అనుభవించడం ఉంది, ఈ తిరగలి నుంచి తప్పించుకోవాలనడం కూడా ఉంది. తేడా ఎక్కడంటే, తప్పించుకునేది ఎవరు అన్న దగ్గర. లోపల ఒకరున్నారు, కాపురం మార్చినట్టు ఒళ్ళు మారుస్తారు అని మీవాళ్ళు. లోపల వెతికితే అలాంటివాళ్ళెవరూ లేరు, ఉన్నదల్లా సాగిపోవడమే అని ఈ దిబ్బవాళ్ళు.

"ఎవరూ లేకపోతే మరి పుట్టేదెవరండీ, గాలా?" అన్నారు మా ఆయన.

బేగంగారు అరుగు కింద ఆరబోసిన మిరపకాయల్లోంచి ఒకటి తీసింది. "పోయినేటి కాయలో గింజ నుంచి వచ్చిందే కదండీ ఇది. ఇదీ అదీ ఒకటేనా?"

"ఒకటెందుకవుతుంది?"

"పోనీ వేరేనా?"

"దాని గింజదే కదా."

"అంతేనండీ. అదీ కాదు, వేరేదీ కాదు. కారం మాత్రం వచ్చింది."

మా ఆయనకి అది నచ్చలేదు. మీరు సాయిబులు, మీకెందుకండీ ఇవన్నీ అన్నారు నవ్వుతూనే. రెండూ నావి కావు కాబట్టి రెండూ తేటగా కనిపిస్తాయి అందామె. నేను కాఫీ గ్లాసులు తీసుకోవడానికి వంగి, ఆ బుద్ధుడు నిద్రపోతున్న పెళ్ళాన్నీ చంటిపిల్లాణ్ణీ వదిలేసి వెళ్ళాడటగా అన్నాను. మా ఆయన నా వంక వింతగా చూశారు. బేగంగారు మాత్రం తల ఊపింది. తర్వాత పెంచిన తల్లే ఆడవాళ్ళని వెంటేసుకుని, కాళ్ళు వాచేలా నడిచొచ్చి మమ్మల్నీ చేర్చుకోమంటే, చాలాసార్లు వద్దన్నాడని, చివరికి ఒప్పుకుని, నూరేళ్ళ సన్యాసిని అయినా నిన్న చేరిన కుర్ర సన్యాసికి దణ్ణం పెట్టాలని షరతు పెట్టాడని చెప్పింది. అయితే అక్కడా అత్తగారున్నారన్నమాట అన్నాను. పైగా వాళ్ళు జోలె పట్టుకుని వచ్చేసరికి ఆ అన్నం వండి ఉంచిందెవరు? బేగంగారు పకపకా నవ్వింది. ఆడదానికి వేరే మోక్షం అక్కర్లేదు, ఇంట్లోవాళ్ళని చూసుకుంటే అదే వస్తుంది, వెళ్ళి పెరుగు తోడెయ్యి అన్నారు మా ఆయన.

పిల్ల పీట దిగి వెళ్ళే చోటు ఆ వీధి గది ఒక్కటే. ఒకరోజు నేను గుమ్మంలో ఉండగా, బేగంగారు ఒక పాలరాతి పలక బొమ్మ గీస్తోంది. సింహాసనం, దాని మీద దిండు, కింద రెండు పాదాల గుర్తులు, చుట్టూ వంగి దణ్ణం పెడుతున్న ఆడవాళ్ళు. సింహాసనం మీద ఎవరూ లేరు. ఇంతమంది కొంగులూ కంకణాలూ అంత శ్రద్ధగా చెక్కినవాడు అక్కడ మాత్రం ఖాళీగా వదిలేశాడు. చూస్తున్నకొద్దీ ఆ ఖాళీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

"ఇందులో ఎవరు కూర్చున్నారు?" అంది పిల్ల.

"ఎవరూ లేరు. వెళ్ళిపోయారు."

పిల్ల చాలాసేపు ఆ బొమ్మ చూసింది. "లేచి వెళ్ళిపోవచ్చా?" అని అడిగింది. బేగంగారు పెన్సిలు ఆపి నా వంక చూసింది. నేను కొంగుతో లేని చెమట తుడుచుకున్నాను.

ఆమె వచ్చిన మూడో వారంలో అనుకుంటాను, కంచం కడిగి బోర్లిస్తూ మామూలుగా అడిగింది. "మీ అత్తగారికి ఒంట్లో బాగుండదా రాజ్యంగారూ? ఇన్నాళ్ళయింది, బయటికి రాగా చూడలేదు."

"మా అత్తగారా? ఆవిడ పోయి ఏడేళ్ళయిందండీ."

ఆమె మొహంలో నవ్వు అలాగే ఉండి, మెల్లగా వాడింది. "మరి పగలంతా వంటింట్లో మాట్లాడే పెద్దావిడ ఎవరు?"

పాపేమో అన్నాను. కాదంది. పాప నా గదిలో ఉన్నప్పుడు కూడా గోడవతల వినిపిస్తుందండీ. ముసలావిడ గొంతు, బొంగురుగా, మెల్లగా. ఎవరినో పని చేయమని సాధిస్తున్నట్టు ఉంటుంది. మీరు ఏమీ బదులు చెప్పరు, పాపం ఎంత ఓర్పో అనుకునేదాన్ని.

ఆ తర్వాత నాలుగు రోజులు నేనెలా బతికానో నాకే తెలుసు. వంటింట్లోకి తొంగిచూసిగానీ అడుగు పెట్టేదాన్ని కాదు. గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని. అయితే ఆవిడ పిల్లలోనే కాదు, గోడల్లో కూడా ఉన్నారు. ఆయన చెప్పేదే నిజం. ఒళ్ళు మార్చి వచ్చారు, వచ్చి చాలక పాత చోటు కూడా ఖాళీ చేయలేదు. ఈ ఇంట్లో ఇద్దరు అత్తగార్లు. నేనే లేను.

అయిదో రోజు వెనక వసారాలో ఒక్కదాన్నే కూర్చుని తొడిమలు తీస్తున్నాను. ఎండు మిరపకాయల దగ్గర నోరు మూసుకుని పని చేయాలి, లేకపోతే ఘాటు గొంతులో దిగి ఊపిరాడదు. అందుకే అందరం ముక్కూ మూతీ కలిపి గుడ్డ కట్టుకుంటాం. ఆయన పొలంలో ఉన్నారు, బేగంగారు పాపని తీసుకుని దిబ్బ దగ్గరికెళ్ళింది. ఇంట్లో పిల్లి కూడా లేదు. కాళ్ళు చాపుకుని, ఒక నిమిషం నడుం నిటారుగా చేసి, ఆకాశం వంక చూశాను.

"నిలబడి చూస్తావేం, చేతులకి పని చెప్పవే."

చెవిలో అన్నట్టే ఉంది. గిరుక్కున తిరిగాను. ఎవరూ లేరు. గోడ, గోడకి చేరేసిన గోతాలు, ఎండ. అలాగే కూర్చున్నాను. ఎంతసేపున్నా ఏమీ వినపడలేదు. కాయలు చేతిలోకి తీసుకున్నాను. నాలుగు తొడిమలు తీశాను, అయిదు తీశాను. మళ్ళీ మొదలైంది. మీ అమ్మ నీకు తినడం ఒక్కటే నేర్పి పంపింది. ఈసారి తల తిప్పలేదు. ఎందుకంటే మూతికి కట్టుకున్న గుడ్డ కదులుతోంది.

చేయి పెట్టి చూశాను. గుడ్డ నోటి దగ్గర తడిసి ఉంది. పెదాలు కదులుతూనే ఉన్నాయి, నా చేయి తగిలి ఆగాయి. ఆవిడ మాట సగం నా నాలుక మీద ఉంది.

ఆ కాయల మధ్య ఎంతసేపు కూర్చున్నానో. పెళ్ళయిన కొత్తల్లో ఆవిడ అన్న ప్రతి మాటా మింగేదాన్ని. మింగింది అరగక, పని చేస్తూ లోలోపల మళ్ళీ అనుకునేదాన్ని, ఆవిడ అన్నట్టే, ఆ సాగదీతతోనే. ఆవిడ పోయిన రోజు నలభైమందికి వండుతూ, వెనక నుంచి మాట రాకపోతే నాకు చేతులు ఆడలేదు. అది గుర్తుంది. పదిహేనేళ్ళు ఆ మాట తోలితే నడిచిన చేతులు. ఎవరో ఒకరు అనాలి కదా, నేనే అన్నాను. అనుకుంటూ పిండి రుబ్బాను, అనుకుంటూ పేడ ఎత్తాను. కడుపులో పిల్ల వింటూ ఉంది. రుబ్బురోలు పక్కన ఉయ్యాలలో పడుకుని వింది. దానికి మాటలు వస్తున్న వయసులో ఈ వంటింట్లో వినిపించిన మాటలు ఇవే. నా బిడ్డ ఆవిడ గొంతు వినలేదని అనుకున్నాను. పుట్టక ముందు నుంచీ వింటోంది. నా నోటితో.

కారం మాత్రం వచ్చింది. దాన్ని మోసుకొచ్చింది నేను. భయం పోయి కోపం వచ్చింది, కోపం తర్వాత ఏడుపు వచ్చింది. అత్తగారు పోయినప్పుడు రాని ఏడుపు కూడా కలిసి వచ్చిందేమో, చాలాసేపు ఏడ్చాను. ఘాటుకి కళ్ళు మండుతున్నాయని ఎవరైనా వస్తే చెబుదామనుకున్నాను. ఎవరూ రాలేదు.

వారం తిరక్కుండా ఆవిడ సంవత్సరీకం వచ్చింది. కోటమ్మ వదిన వచ్చింది. తెల్లారి లేచి గారెలూ పరమాన్నమూ పప్పూ పులుసూ అన్నీ నేనే చేశాను, పెదాలు బిగించుకుని. ఒకటికి రెండుసార్లు మాట గొంతు దాకా వచ్చింది. మంచినీళ్ళు పుక్కిట పట్టి గారెలు వేయించాను. అయ్యవారు స్వయంపాకం తీసుకుని వెళ్ళాక, మా ఆయన పిల్లకి పట్టు పరికిణీ కట్టించి పీట మీద కూర్చోబెట్టారు. ముందు అరిటాకు వేశారు. ఈ ఏడు అమ్మకి కాళ్ళు కడిగి దణ్ణం పెట్టు, ఆ తర్వాతే కాకికి పెడదాం అన్నారు. కోటమ్మ వదిన ఇత్తడి చెంబు నా చేతికిచ్చింది. పిల్ల కళ్ళెత్తి నా వంక చూసింది. నాకు ఆ చూపులో అత్తగారు కనిపించలేదు. అడుగుతున్న పిల్ల కనిపించింది.

చెంబు కింద పెట్టాను. "మీ అమ్మగారు ఇక్కడే కూర్చుని ఉంటే, కాకికి ఎవరి కోసం పెడుతున్నామండీ?"

అదీ ఇదీ కలపకు అంది కోటమ్మ వదిన. నేను పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళుగా నా నోట రాని పేరు అది. వస్తుందో రాదో అనుకున్నాను. మామూలుగానే వచ్చింది.

"వెంకటరావమ్మగారు చచ్చిపోయారు. ఈ పీట ఆవిడది. నువ్వు ఆవిడవి కాదు. నిన్నెవరూ కాల్చలేదు."

కోటమ్మ వదిన చెవులు మూసుకుంది. పిల్ల కదల్లేదు. చాలా మెల్లగా, నాకు మాత్రమే వినపడేట్టు, "లేచి వెళ్ళొచ్చా?" అంది.

లే అన్నాను. లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయేమో, కుంటుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, గడప మీద నిలబడి వెనక్కి చూసింది. వెళ్ళు అన్నాను. వెళ్ళింది. పీట ఖాళీగా ఉంది. దాని ముందు ఆకు, ఆకు చుట్టూ మేం ముగ్గురం.

ఆవిడ మాటలు దానికి ఎవరు నేర్పారే మరి అని అరిచారు మా ఆయన. నేను దాచలేదు. నేనే నేర్పానండీ అన్నాను. మీ అమ్మగారు నాతో అన్నవన్నీ, ఆవిడ పోయిన రోజు నుంచీ, ఈ వంటింట్లో ఆవిడ గొంతుతో నాకు నేనే అనుకుంటున్నాను, నాకు తెలియకుండానే. కావాలంటే బేగంగారిని అడగండి, ఆమె వింది.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. ఇన్నాళ్ళూ నేను నా కూతుర్ని చూసినట్టు నన్ను చూశారు. కోప్పడతారనుకున్నాను, కొడతారేమోనని కూడా అనుకున్నాను. కానీ ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. వెనక్కి వేసిన అడుగు మళ్ళీ ముందుకి వేసి, చేతులు రెండూ దగ్గరికి పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఏదీ, ఒక్కసారి అను రాజ్యం."

మాట గొంతులోనే ఉంది. వక్కపలుకు వాసనతో సహా ఉంది. పెదాలు విప్పితే చాలు, ఆయన తల్లి ఆయనకి దొరికేది, నేను ఆ ఇంటికి దేవతనయ్యేదాన్ని.

"అనను," అన్నాను.

వీధిలోంచి ఎవరో పిల్లలు దాన్ని ఏ పేరుతో పిలవాలో తెలియక, ఏయ్ నువ్వూ రా అని కేకేస్తున్నారు. జూన్‌లో బళ్ళో ఏ పేరు రాయించుకుంటావో అప్పటిదాకా ఆలోచించుకో అని ఆ సాయంత్రం దానికి చెప్పాను. మా అత్తగారు ఎప్పుడు పోయారని అడిగితే ఇంట్లో అందరూ డెబ్భై తొమ్మిది అంటారు. నేను ఎనభై ఆరు అంటాను.